ఒకే చెరువు, వేర్వేరు ఊపిరులు

నిన్న సాయంత్రం మేత తిన్న చేపలు పొద్దున్నే తెల్లగా తేలి ఉంటాయి. కొల్లేటి చుట్టుపక్కల చేపల రైతులకు ఈ దృశ్యం కొత్త కాదు. గట్టు మీద ముందుగా వినిపించే మాట, “ఎవరో మందు కలిపారు” అని. ఆ ఒక్క మాటతో ఏళ్ల తరబడి పక్కపక్కన బతికినవాళ్లు పలకరించుకోవడం మానేస్తారు. చాలాసార్లు ఆ నింద అన్యాయం.

అపోహ: రాత్రికి రాత్రే చేపలన్నీ చచ్చాయంటే విషం కలిసినట్టే.

వాస్తవం: పచ్చనీటిలోని కంటికి కనపడని నాచు పగలంతా ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకితే తయారీ ఆగిపోతుంది, నాచు శ్వాస మాత్రం ఆగదు. చేపలూ, అడుగు బురదలో మిగిలిన మేతను కుళ్లబెట్టే బాక్టీరియా కూడా ఆ నిల్వనే వాడుకుంటాయి. తెల్లవారుజాముకు అది అడుగంటుతుంది. నీరు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం అందుకే సగమే నిజం. ముందురోజు మబ్బు పట్టి ఉంటే నిల్వే తక్కువ, ముప్పు ఎక్కువ. పైగా మన వాతావరణం వేడి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. నీటితోపాటు చేప ఒళ్లూ వేడెక్కుతుంది కాబట్టి దాని అవసరం అప్పుడే పెరుగుతుంది.

తేడా గుర్తించడానికి ఆనవాళ్లున్నాయి. ఊపిరాడక చచ్చేటప్పుడు సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి, అదీ తెల్లవారుజామున. పురుగుమందు కలిస్తే చిన్నవి ముందు పోవడం ఎక్కువ, దానికి వేళాపాళా ఉండదు. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం మరొకటి ఉంది. శీలావతి, బొచ్చె గుట్టలుగా తేలిన చెరువులోనే, పైకి వచ్చి గాలి పీల్చగల చేపలైన కొర్రమీనూ మార్పూ హాయిగా తిరుగుతుంటే ముందు అనుమానించాల్సింది ఆక్సిజన్‌నే. ఇంకా సందేహం ఉంటే నీటి నమూనాను పరీక్షకు పంపాలి. మనిషిని అనడం ఆ తరవాత.

అపోహ: పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆకలేస్తోందని.

వాస్తవం: శీలావతికి, బొచ్చెకు గాలి పీల్చే అవయవం లేదు. అవి గుటకలు వేసేది గాలిని ఆనుకుని ఉన్న పలుచని పైనీటిని. ఆ పొరలో మాత్రమే కాస్త ఆక్సిజన్ మిగిలి ఉంటుంది. ఆ సమయంలో మేత వేయడం వాటికి హాని చేయడమే, అరిగించుకోవడానికీ ఆక్సిజన్ కావాలి. ఏరియేటర్లు వేయాలి, మేత ఆపాలి.

అమెజాన్ చేప తంబాకీ ఈ పైనీటి కోసం ఏకంగా తన మూతినే మార్చుకుంటుంది. ఆక్సిజన్ తగ్గిన కొద్ది గంటల్లోనే కింది పెదవి ఉబ్బి ముందుకు సాగి, పైపొర నీటిని మొప్పల వైపు మళ్లిస్తుంది. నీరు బాగుపడగానే వాపు తగ్గిపోతుంది. తెలియనివాళ్లు రోగమనుకుంటారు. మన చెరువుల్లో పెంచే రూప్‌చంద్ ఆ తంబాకీకి దగ్గరి బంధువే.

అపోహ: నీళ్లలో ఉన్న చేపకు ఊపిరాడకపోవడం ఏమిటి?

వాస్తవం: కొర్రమీనును పైకి రానివ్వకుండా వల అడ్డం పెడితే మంచినీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన దీనికి మొప్పలు ఒక్కటే చాలవు, వాటి పైన ఉన్న గదుల్లోకి గాలి నింపుకోవాలి. మార్పుకు మొప్పల పైన చెట్టుకొమ్మల్లా చీలిన ఎర్రటి అవయవం ఉంటుంది. ఇంగిలాయికైతే రెండు పొడవాటి గాలి సంచులు వెన్ను కండరాల మధ్యగా తోక వైపు సాగుతాయి. ఒకే అవసరానికి ఒక్కో చేప ఒక్కో దారి వెతుక్కుంది. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం కోసం జనం కొర్రమీను పిల్లలను చిన్న కవర్లలో, కాసిన్ని నీళ్లతో పట్టుకు తిరగగలుగుతున్నారంటే ఈ శ్వాసే కారణం.

అలాగని కొర్రమీనుకు ఎలాంటి నీరైనా ఫరవాలేదనుకోవద్దు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలు గాలి పీల్చలేవు, నీటిలోని ఆక్సిజనే వాటికి దిక్కు. పెద్ద చేపలైనా ఒంట్లోని అమ్మోనియాను చాలామటుకు నీటిలోకే వదలాలి. ఆ నీరు అప్పటికే అమ్మోనియాతో నిండి ఉంటే గాలి ఎంత పీల్చినా లాభం లేదు.

అపోహ: గొరక చేప చెట్టెక్కుతుంది.

వాస్తవం: ఈ మాటకు అచ్చులో ఆధారం 1797 నాటిది. తరంగంబాడిలో తాటిచెట్టు ఎక్కుతున్న గొరకను చూశానని డాల్డార్ఫ్ అనే డేనిష్ అధికారి రాసింది లండన్‌లో ప్రచురితమైంది. కానీ గొరక అసలు సామర్థ్యం చెట్టు మీద కాదు, నేల మీద. మొప్ప మూతల అంచుల్లోని ముళ్లను తడినేలలో గుచ్చి, తోకతో తోసుకుంటూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకుతుంది. తొలకరికి పొలంగట్ల మీద కనబడే చేపలు ఆకాశం నుంచి పడ్డాయంటారు. చాలావరకు అవి ఇలా నడిచి వచ్చినవే.