తోట దారికి ముందు వాలు, ఆ తర్వాతే మొరం

మన ప్రకృతి వ్యవసాయం మీటింగుల్లో జీవామృతం గురించి రెండు గంటలు మాట్లాడతాం, ఆచ్ఛాదన గురించి ఇంకో గంట. తోటకు పోయే దారి గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. కార్బైడ్ లేకుండా వరిగడ్డిలో మగ్గబెట్టిన మామిడిని గుంతల దారిలో అర కిలోమీటరు ఆటోలో తీసుకెళ్లి చూడండి. తారు రోడ్డు ఎక్కేసరికి కింది వరుస క్రేట్లలో కాయ నలిగిపోయి ఉంటుంది. నేరుగా ఇళ్లకు అమ్ముకునేవాళ్లం కాబట్టి ఆ నష్టం మొత్తం మనదే. ఇక వానాకాలం వస్తే బండి లోపలికి రానంటాడు డ్రైవరు. కూరగాయలు నెత్తిన మోయాల్సిందే.

మా దారి పంచాయతీ రోడ్డు నుంచి షెడ్డు దాకా 600 మీటర్లు, వెడల్పు 10 అడుగులు, ఎర్ర మొరం. దీన్ని గొర్రు, వెనక బ్లేడు, ట్రాలీ, ఈ మూడింటితోనే చూసుకుంటున్నాం. జేసీబీని పిలవాల్సిన పని పడటం లేదు.

చాలామంది ఏటా చేసే పని ఒకటుంది. గుంత కనపడగానే ఒక ట్రిప్పు మొరం తెచ్చి అందులో పోస్తారు. రెండు వానలకు అది బయటికి లేచిపోతుంది. ఎందుకంటే గుంత అడుగు గిన్నెలాగా నున్నగా, గట్టిగా ఉంటుంది. పైన పోసిన మొరానికి దానితో పట్టు దొరకదు. నీళ్లు మళ్లీ అక్కడే చేరతాయి, టైరు పడినప్పుడల్లా బురదై చిమ్ముతుంది. లోడు వల్ల దారి పాడవుతుందని అనుకుంటాం కానీ, ఎండాకాలంలో అదే లోడు, అదే దారి, ఏమీ కాదు. దారిని తినేది నిలిచిన నీళ్లే.

అందుకే ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయండి. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని దారి మొత్తం నడవండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఎక్కడ టైరు జాడల్లో కాలవలా పారుతున్నాయి, పక్క పొలం నుంచి ఎక్కడ దారి మీదికి వస్తున్నాయి, చూసి కర్రలు పాతుకోండి. ఇంత మంచి సర్వే ఏ ఇంజనీరూ చేయలేడు.

పని చేసే అదును కూడా ముఖ్యమే. రోహిణి కార్తెలో ఎండకు దారి రాయిలా ఉంటుంది, గీస్తే దుమ్ము తప్ప ఏమీ రాదు. మృగశిరలో తొలకరి పడి, ఒకటి రెండు రోజులు ఆరాక మొదలుపెట్టాలి. పిడికిట్లో మట్టి పిసికితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. వానలు వెనకబట్టాక, ఇంకా తడి ఉండగా రెండోసారి చేస్తే ఏడాదికి సరిపోతుంది.

ముందు గొర్రు. తొమ్మిది పళ్లూ అక్కర్లేదు, మధ్యవి కొన్ని తీసేస్తే ఉన్నవి బాగా దిగుతాయి. గుంత లోతు దాకా, అంటే మామూలుగా మూడు నాలుగు అంగుళాలు గీకాలి. స్ప్రింగుల గొర్రయితే గట్టి చోట వెనక్కి జారుతుంది, గట్టి పళ్లదైతే మేలు. దారి మీద అలలు అలలుగా ఎత్తుపల్లాలు పడితే కూడా ఇదే మందు. పల్లాలు పూడిస్తే మళ్లీ వస్తాయి, వాటి అడుగు దాకా కోయాలి. రోటవేటర్ మాత్రం దించొద్దు. రాళ్లకు కత్తులు పోవడం ఒక ఎత్తు, మొరాన్ని పిండి చేసి బురదకు సిద్ధం చేయడం ఇంకో ఎత్తు.

తర్వాత వెనక బ్లేడు. దీన్ని అడ్డంగా తిన్నగా పెట్టి లాగితే దారి బల్లపరుపు అవుతుంది, లేదంటే మధ్యలో పల్లం పడుతుంది. మనకు కావాల్సింది మధ్యలో ఎత్తు. 10 అడుగుల దారికి అంచుల కన్నా మధ్య రెండున్నర, మూడు అంగుళాలు ఎత్తుండాలి. బ్లేడు ఎడమ కొన ముందుకు, కుడి కొన వెనక్కి ఉండేలా ఏటవాలుగా తిప్పి, దారికి ఎడమ సగంలో వెళ్లండి. అంచుకు కొట్టుకుపోయిన మొరం మధ్యకు జరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కూడా మీ ఎడమ సగంలోనే రండి. బ్లేడు కోణం మార్చే పనే లేదు. కుడి లిఫ్ట్ రాడ్ మీది హ్యాండిల్ తిప్పి కుడి వైపు కొంచెం పైకి లేపితే, అంచు దగ్గర ఎక్కువ కోసి మధ్యలో తక్కువ కోస్తుంది. లివరు పొజిషన్ కంట్రోల్‌లో ఉండాలి. డ్రాఫ్ట్‌లో ఉంటే బ్లేడు దానంతటదే లేస్తూ దిగుతూ కొత్త గుంతలు పెడుతుంది. హ్యాండిల్ ఎటు తిప్పాలో వీడియోలో దగ్గర నుంచి చూపించాం, రాసి చెప్పడం కన్నా అది సులువు.

చివరికి మధ్యలో సాలులా నిలిచిన మట్టిని తేలిగ్గా ఒక్కసారి సర్ది, లోడు ట్రాలీని జాడ మార్చి మార్చి నడిపితే అణిగిపోతుంది.

ఇప్పుడు మొరం. 100 మీటర్లకు 10 అడుగుల వెడల్పున నాలుగు అంగుళాలు పరచాలంటే సుమారు 1,100 ఘనపుటడుగులు, 100 అడుగుల ట్రాలీలో 11 ట్రిప్పులు. చిన్న లెక్కేం కాదు, అందుకే ఉన్నదాన్ని పైకి తెచ్చుకోవడమే ముందు. మొరంలో రాయి, జిగురు మట్టి రెండూ ఉండాలి. తడిపి ముద్ద చేసి ఆరబెడితే విడిపోకూడదు. వాగులోని గుండ్రటి గులకరాళ్లు పట్టుకోవు. అనుమతి లేని గుట్టల నుంచి తోలే మొరం జోలికి పోకండి, మీ ఫారం పాండ్ తవ్వినప్పుడు కింద మొరం పొర తగిలితే అదే బంగారం. నల్లరేగడి నేలల వాళ్లకు ఒక మాట: రేగడి మీద నేరుగా పోసిన మొరాన్ని భూమి మింగేస్తుంది. కింద పెద్ద రాయి పొర పడాల్సిందే.

బయటి మొరంతో వయ్యారిభామ విత్తనం కూడా వస్తుంది. దారి పక్కన మొలిచి, అక్కడి నుంచి చేలోకి దిగుతుంది. గడ్డి మందు కొట్టం కాబట్టి పూతకు రాకముందే తడి నేలలో చేతికి గ్లౌజులు వేసుకుని పీకేయాలి. అంచుల్లో గరికను మాత్రం ఉంచండి, మట్టిని అదే పట్టుకుంటుంది. వాలు ఎక్కువున్న చోట వట్టివేరు వరస మంచిది.

దారి మీది నీళ్లకు పోయే చోటు చూపించకపోతే ఇదంతా దండగ. రెక్క నాగలితో అంచు వెంట ఒక సాలు, మట్టి దారి వైపు పడేలా వేస్తే కాలవ సిద్ధం. మా దారి కాలవలు రెండు చోట్ల కందకాల్లోకి, చివర పాండ్‌లోకి వెళ్తాయి. ఇంతకుముందు దారిని కోసుకుపోయిన నీళ్లే ఇప్పుడు మామిడి చెట్ల కింద ఇంకుతున్నాయి.

ఇంకొక్కటి. దమ్ము చేసిన ట్రాక్టరు ఇనుప చక్రాలతో ఈ దారెక్కితే ఒక్క పూటలో అంతా చెడుతుంది. అద్దె ట్రాక్టరు మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, చక్రాలు మడి గట్టునే విప్పి ట్రాలీలో వేసుకోవాలని.