చేతులు మారిన మహారాజా

సంస్థ స్వరూపాన్ని నిర్ణయించేది స్థాపకుల సంకల్పం కంటె దాని చుట్టూ వీచే విధానాల గాలి. ఎయిరిండియా చరిత్రే ఇందుకు నిదర్శనం. 1932లో టాటాల సంస్థగా పుట్టి, 1946లో పబ్లిక్ కంపెనీగా మారి, 1953లో పార్లమెంటు చట్టం ద్వారా ప్రభుత్వ కార్పొరేషన్ అయింది. 1994లో ఆ చట్టం రద్దయింది. గుత్తాధిపత్యం పోయి పోటీ వచ్చింది. పోటీకి తగిన స్వేచ్ఛ మాత్రం రాలేదు. పగ్గాలు మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉండిపోయాయి.

2022 జనవరిలో సంస్థ తిరిగి టాటాల పరమైంది. 2021 ఆగస్టు చివరికి పేరుకున్న రూ. 61,562 కోట్ల అప్పులో వారు తలకెత్తుకున్నది రూ. 15,300 కోట్లే. తక్కిన రూ. 46,262 కోట్లు, కొన్ని భూములు, భవనాలతో సహా, ప్రభుత్వ హోల్డింగు కంపెనీకి మిగిలాయి.

ప్రభుత్వ సంస్థగా ఉన్నంతకాలం దాని లెక్కలను కాగ్ తనిఖీ చేసేది. దాని నిర్వహణకు మంత్రి సభలో జవాబు చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు దాని జమాఖర్చులు వాటాదారుల వ్యవహారం. పాత అప్పు మాత్రం ప్రజలదే. అమ్మకం అనివార్యమే కావచ్చు. కాని అంతకుముందు దశాబ్దాల నిర్వాకానికి బాధ్యులెవరో సభ తేల్చవలసి ఉండెను.