మా పడవకు జాకెట్లు

"జాకెట్లు కొనడానికి కాకినాడ దాకా వెళ్ళాలా? నర్సాపురంలో గుడ్డల కొట్లు లేవూ?" అంది మా ఆవిడ.

ఆవిడ తప్పేమీ లేదు. మా బావమరిది ఫోనులో చెప్పిన మాట అదే. "అక్కయ్యా, ఆదివారం జాకెట్లు కొనడానికి కాకినాడ వెళుతున్నాను. బావగార్ని కూడా రమ్మను" అన్నాడు.

సంగతేమిటంటే, వాడు ఆ మధ్య ఒక ఫైబరు పడవ కొన్నాడు. మా మొగల్తూరు చుట్టుపక్కల చెరువుల మీద నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళు మేడలు కడతారు, కార్లు కొంటారు. మావాడికి చిన్నప్పటినుంచీ నీళ్ళ పిచ్చి. యెనిమిదిమంది కూర్చునే పడవ, వెనకాల చిన్న యింజను. సంక్రాంతికి యింటిల్లిపాదినీ అందులో యెక్కించి, నర్సాపురం నుంచి వసిష్ఠ గోదావరి మీద అంతర్వేది తీసుకువెళ్ళి, నరసింహస్వామి దర్శనం చేయించి, పొద్దుగూకే లోపల వెనక్కి తీసుకురావాలని వాడి సంకల్పం. దానికి లైఫ్ జాకెట్లు కావాలి.

తెలుగు మేష్టార్ని కనక దీనికి తెలుగు మాటేమిటా అని కాసేపు ఆలోచించాను. 'ప్రాణకవచం' అంటే వినడానికి బాగానే వుంటుంది గాని, కొట్టువాడు "అలాంటివి మేం అమ్మమండీ" అంటాడు. మాట సంగతి అలా వుంచి, తెలుగు ఎమ్మేకీ లైఫ్ జాకెట్టుకీ సంబంధమేమిటి చెప్పండి! పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని సాకు చెప్పి నేను వెళ్ళలేదు. ఆ ఆదివారం వెళ్ళనందుకు యిప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే వుంటాను.

వాడు వెళ్ళి యెనిమిది తెచ్చాడు. అన్నీ నారింజ రంగువి, అన్నీ ఒకటే కొలత. "ఫ్రీ సైజండీ, పిల్లల దగ్గర్నించి పెద్దల దాకా అందరికీ సరిపోతుంది" అన్నాట్ట కొట్టువాడు. ఆ సాయంత్రం యింట్లో పండగే. వాడి కూతురు, మా ఆవిడ మేనకోడలు, యెనిమిదేళ్ళది, జాకెట్టు తొడుక్కుని అద్దం ముందునుంచి కదలదు. అంతా చూసి మా అత్తగారు అన్నారు: "నీళ్ళలో పనికొచ్చేదాన్ని నీళ్ళలో చూసుకోవాలి గాని అద్దంలో చూసుకుంటారేమర్రా?"

ఆవిడ ఆ మాట అనకపోతే యేమయ్యేదో తలుచుకుంటే యిప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మర్నాడు బావమరిది చెరువుల దగ్గరున్న మంచినీళ్ళ గుంటకి వెళ్ళాం. నాకు గుండెల లోతు. పిల్లకి నిలువు దాటి వుంటుంది. నేను ముందు దిగి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని మెల్లిగా వదిలాను. వదిలీ వదలగానే జాకెట్టు పైకి లేచింది, పిల్ల కిందికి జారింది. నా కళ్ళముందు నీళ్ళమీద జాకెట్టు వుంది, జాకెట్టులో పిల్ల లేదు. నేను చెయ్యి పెట్టి జుట్టందుకుని లాగేసరికి రెండు క్షణాలు పట్టిందేమో. పిల్ల నాలుగు దగ్గులు దగ్గి, "మావయ్యా, అది నన్ను పట్టుకోలేదు" అంది.

గట్టుమీద నిలబడ్డ వాళ్ళ నాన్న ముఖం మీరు చూడవలసింది. వాడు యింటికి వచ్చి యెవరితోనూ మాట్లాడలేదు. బ్లేడు తీసుకుని ఒక జాకెట్టు కుట్టు విప్పాడు. లోపల టీవీ పెట్టెల్లో వస్తాయే, ఆ తెల్లటి పూసల అట్ట ముక్కలు! వేలితో నొక్కితే పొడి అయ్యాయి.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేమంతా పాపికొండలు చూడడానికి వెళ్ళాం. లాంచీ యెక్కగానే అందరికీ జాకెట్లిచ్చారు. వుక్కపోతకి అరగంటలో దాన్ని విప్పి కుర్చీకి తగిలించాను. నేను విప్పాను కనక మా ఆవిడా విప్పింది. ఆ నాటి ఫొటో మా హాల్లో వుంది. కొండలు, గోదావరి, మా యిద్దరి నవ్వు ముఖాలు, వెనక కుర్చీకి వేలాడుతూ రెండు జాకెట్లు.

తరవాత 2019 సెప్టెంబరు 15న అదే దారిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర, రాయల్ వసిష్ఠ అనే బోటు మునిగిపోయింది. ఆ రోజు గోదావరి వరద మీద వుంది, అయిదు లక్షల క్యూసెక్కుల పైమాటే. బోటులో 77 మంది వుంటే 26 మంది బయటపడ్డారు. దరి మీదున్న గిరిజనులు నాటు పడవలేసుకుని వచ్చి వారిని ఒడ్డుకి చేర్చారు. బయటపడ్డవారిలో జాకెట్టు వేసుకున్నవారే యెక్కువని అప్పుడు పత్రికలు రాశాయి. బోటుని బయటికి తియ్యడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అన్నాళ్ళూ మా హాల్లో ఆ ఫొటో కేసి చూడలేకపోయాను. అయినా, అదేమిటో, దాన్ని గోడమీంచి తియ్యనూ లేదు.

ఈసారి పేపర్లు పక్కన పెట్టి, తెలిసినవాళ్ళని అడిగి, చదవవలసింది చదివాను.

నీళ్ళలో తేలడానికి ఒంటికి యేదో ఒకటి కట్టుకోవడం మనకి కొత్త కాదు. మా తరంవాళ్ళం కాలవలో అరటి బోదె పట్టుకునో, ఎండిన ఆనప బుర్ర నడుముకి కట్టుకునో ఈత నేర్చినవాళ్ళమే. జీలుగు బెండు సంగతి సరేసరి. దొరల దేశంలో దీన్ని చొక్కాలా తొడుక్కునేటట్టు చేసినవాడు కెప్టెన్ వార్డు. 1854లో లైఫ్‌బోటు సంఘం వాళ్ళ కోసం బెరడు బెండు ముక్కలతో కుట్టించాడు. మనుషులు అక్కడా ఒకటే, చాలామంది నావికులు బరువనీ అడ్డమనీ వేసుకోలేదు. 1861 ఫిబ్రవరిలో విట్బీ అనే రేవులో పెద్ద తుఫాను వచ్చి, ఇతరుల్ని రక్షించడానికి వెళ్ళిన లైఫ్‌బోటే తిరగబడింది. పదమూడుమందిలో పన్నెండుమంది పోయారు. మిగిలిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే ఆ కొత్త బెండు జాకెట్టు వేసుకున్నవాడు.

బెండు తరవాత బూరుగు దూది వచ్చింది. అవును, మన తలగడల్లో కూరేదే. ఆ నూగుకి మైనం లాంటి గుణం వుండి నీరు పట్టదు. కాని నూనె తగిలినా, నలిగి అణిగిపోయినా దాని సత్తువ పోతుంది. ఇప్పుడు వాడేది మూసుకున్న గదుల నురుగు. ఒక్కొక్క గాలి బుడగా విడివిడిగా బందీ అయివుంటుంది కనక గుడ్డ చిరిగినా నీరు లోపలికి పోదు. వేలితో నొక్కి వదిలితే మళ్ళీ పైకి లేవాలి. లొత్తపడి వుండిపోతే ముసలిదైపోయిందన్న మాట.

అసలు మనిషిని తేల్చడానికి యెంత బలం కావాలి? నేను యాభయ్యో అరవయ్యో కిలోలనుకున్నాను. అంత అక్కర్లేదు. ఒంటిని చాలామట్టుకు నీరే మోస్తుంది. పెద్దవాళ్ళకి తల పైకి వుండడానికి మూడు నుంచి అయిదున్నర కిలోల ఆసరా చాలు. ఈ బలాన్ని న్యూటన్లలో ముద్రిస్తారు. పది న్యూటన్లంటే సుమారు ఒక కిలో. 50 అని వున్నది ఈత వచ్చినవాడికి, ఒడ్డు పక్కన, సాయం చేసేవాళ్ళు దగ్గరున్నప్పుడు. అది తెలివి తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పుతుందని నమ్మకం లేదు. 100 అని వున్నదానికి మెడ వెనక దిండు లాంటిది వుంటుంది. ముఖం పైకి తిప్పడానికి చేసినది అది, అలలు లేని నీళ్ళలో సాయం వచ్చేదాకా ఆగడానికి. 150 సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి. మా యెనిమిదిమందిలో ఈత వచ్చినవాళ్ళం ఇద్దరం. అంచేత 100కి తక్కువ కూడదనుకున్నాం.

గాలి బుడ్డితో టప్పున వుబ్బేవి కూడా వున్నాయి. పల్చగా, ముచ్చటగా వుంటాయి. మావాడి కళ్ళు వాటిమీద పడ్డాయి గాని నేను వద్దన్నాను. బుడ్డి సరిగా వుందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి, ఒకసారి వుబ్బాక కొత్త బుడ్డి వెయ్యాలి. ఈత రానివాళ్ళకీ పిల్లలకీ వాటిని నమ్ముకోకూడదు.

రెండోసారి వేరే కొట్టుకి వెళ్ళాం, పిల్లని వెంటబెట్టుకుని. అందరి బరువులూ ఒక కాగితం మీద రాసుకు వెళ్ళాను. జాకెట్టు కొలత వయస్సుని బట్టి కాదండోయ్, బరువుని బట్టి. ఓడల మీద వాడే అంతర్జాతీయ నియమాల ప్రకారం 15 కిలోల లోపు పసివాళ్ళకి ఒకటి, 15 నుంచి 43 లోపు పిల్లలకి ఒకటి, 43, ఆపైన పెద్దవాళ్ళకి ఒకటి. మా పిల్ల 22 కిలోలు. దానికి పెద్దవాళ్ళ జాకెట్టు యెలా ఆగుతుంది? పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని నేను పైకి లాగాను. జాకెట్టు గడ్డం దాటి రాకూడదు. మొదటిది చెవుల దాకా వచ్చింది. రెండోది ముక్కు దాకా. మూడోదానికి కాళ్ళ మధ్యనుంచి వచ్చి ముందు బిగించే పట్టీ వుంది. పిల్ల మొత్తం గాలిలోకి లేచింది గాని జాకెట్టు బెత్తెడు కూడా కదల్లేదు. "ఇది పట్టుకుంది మావయ్యా" అంది పిల్ల.

రంగు దగ్గర చిన్న పేచీ వచ్చింది. మా చెల్లెమ్మకి, అంటే బావమరిది భార్యకి, నెమలి కంఠం రంగు నచ్చింది. నీళ్ళలో పడ్డాక నెమలి కంఠం నీళ్ళలోనే కలిసిపోతుందని చెప్పి, నారింజవే తీసుకున్నాం. భుజం మీద వెలుతురు పడితే మెరిసే పట్టీ, జేబులో తాడుతో కట్టిన యీల, గట్టి బకిళ్ళు, లోపల బరువూ న్యూటన్లూ ముద్రించిన చీటీ, అన్నీ చూసుకున్నాం. ఖర్చు మొదటిదానికి రెట్టింపు దాటింది. బావమరిది నోరెత్తలేదు.

మా అత్తగారి దగ్గర వచ్చింది అసలు చిక్కు. చీర మీద ఆ కాళ్ళ పట్టీ యెలా? ఈ జాకెట్లు చేసేవాళ్ళెవరూ చీర కట్టుకున్నట్టు లేదు. చెంగు వేలాడితే దేనికైనా తగులుకుంటుంది. చెంగు నడుముకి బిగించి దోపుకుని, దానిమీద జాకెట్టు వేసుకోవాలన్నాను. ఆవిడ నవ్వి, "మా అమ్మమ్మ గోచీ పోసి కట్టేదిరా. నేనూ అలాగే కట్టుకుంటాను, నీ పట్టీ యెక్కడ కావాలంటే అక్కడ బిగించుకో" అన్నారు.

ఇంకొక సంగతి ఆఖర్న తెలిసింది. మావాడు యెండ తగలకుండా పడవకి పైన టార్పాలిను కప్పు, పక్కల తెరలు వేయించాడు. 2018 మే 15న దేవీపట్నం మండలంలోనే మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు, గాలివానకి తలుపులూ కిటికీలూ మూసుకుని లోపల కూర్చున్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. ఆ జూలైలోనే అమెరికాలో బ్రాన్సన్ దగ్గర సరస్సులో విహారపు పడవ మునిగి 31 మందిలో 17 మంది పోతే, పైకప్పూ పక్క తెరా అడ్డమయ్యాయని దర్యాప్తువారు తేల్చారు. మూసిన గదిలోకి నీరు వస్తే మంచి జాకెట్టే మనిషిని తీసుకువెళ్ళి కప్పుకి అంటించేస్తుంది! కప్పూ తెరలూ పీకించేశాం. యెండకి తలగుడ్డలు చాలు.

కొత్తవన్నీ మళ్ళీ అదే గుంటలో చూశాం. పిల్ల వెల్లకిలా తేలుతూ ఆకాశం కేసి చూసి యీల వూదింది. వాళ్ళ నాన్న గట్టుమీద కూలబడ్డాడు.

కనుమ మర్నాడు పాటు చూసుకుని నర్సాపురంలో బయల్దేరాం. పడవ నడపడానికి ఒక ముసలి సరంగుని మాట్లాడుకున్నాం. ఆయన తన జాకెట్టు మడిచి కిందేసుకుని దానిమీద కూర్చున్నాడు. అలా కూర్చుంటే నురుగు అణిగిపోతుందన్నాను. "నలభయ్యేళ్ళు యీ గోదారి మీదే బతికానండి ఆయ్, నాకెందుకండీ యిది?" అన్నాడు. మా అత్తగారు యెక్కబోతున్నదల్లా రేవు మెట్టు మీదే ఆగిపోయారు. "నువ్వు తొడుక్కుంటే నేను యెక్కుతాను నాయనా. నువ్వు పడితే మమ్మల్ని యెవరు నడుపుతారు?" సరంగు ఆవిడ కేసి, ఆవిడ గోచీ కేసి, ఆవిడ నారింజ జాకెట్టు కేసి చూసి, "చిత్తం" అని తొడుక్కున్నాడు.

గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా పోనిమ్మని మావాడు సరదాపడ్డాడు గాని సరంగు వినలేదు. అక్కడ అల వేరు. రేవులో దిగి గుడికి నడిచాం. అందరం జాకెట్లు పడవలో నీడపట్టున పెట్టాం, పిల్ల మాత్రం విప్పనంది. యెంత చెప్పినా వినలేదు. ఆ జాకెట్టుతోనే వరసలో నిలబడింది. హారతివేళ గంటలు మోగుతుంటే జేబులోంచి యీల తీసి తనూ వూదింది. పూజారిగారు వులిక్కిపడి చూసి, పకాలున నవ్వి, శఠగోపం ముందు దాని నెత్తినే పెట్టారు.