చిత్తూరు సీమలో కన్యాశుల్క నాటక పఠనము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకము విజయనగర ప్రాంతమున పుట్టినది. 1892వ సంవత్సరమున అచ్చటనే తొలుత ప్రదర్శితమై, 1897లో అయిదంకముల గ్రంథముగా ముద్రితమై, 1909లో మిక్కిలి పెంపు నొంది యేడంకముల రెండవ కూర్పుగా వెలువడెను. నేడు సాధారణముగా చదువబడుచున్నది ఈ రెండవ కూర్పే. అప్పటికి చిత్తూరు జిల్లా యేర్పడనే లేదు. చిత్తూరు పట్టణము ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానముగా నుండెను. 1911లో గాని అది ప్రత్యేక జిల్లాకు కేంద్రము కాలేదు. కళింగసీమ పలుకుబడితోను, అగ్రహారముల యాచారములతోను నిండిన యీ నాటకము తిరుపతి, చిత్తూరు ప్రాంతముల విద్యార్థులకు ఎట్లు స్వకీయము కాగలదను శంక యుపాధ్యాయులకు కలుగుట సహజము. ఈ శంకకు కారణములు రెండు: విషయము కాలము చెల్లినదనుట, భాష పరసీమకు చెందినదనుట.

మొదటిదానిని విచారింతము. నాటకరచనకు హేతువైన దురాచారము కల్పితము కాదు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములకు విజయనగర మహారాజావారు పట్టిక వ్రాయింపగా అవి 1034 అయినవనియు, వధువులలో 99 మంది అయిదేండ్ల వారనియు, ముగ్గురు ఏడాది పిల్లలనియు గ్రంథకర్త తొలికూర్పు పీఠికయందు తెలిపెను. ఆ శుల్కము నేడు లేదు. 'ఓలి' యను మాట మాత్రము నిఘంటువులందును, వృద్ధుల నోటను మిగిలినది. కాని ధనము చేతులు మారుట మానలేదు. దాని దిక్కు మాత్రమే మారినది. కన్య తండ్రి పుచ్చుకొను రొక్కమునకు మారుగా వరుని తండ్రి పుచ్చుకొను కట్నము వచ్చినది. 1961లో దానిని నిషేధించుచు శాసనము పుట్టినను ఆచారము అంతరింపలేదు. బాల్యవివాహమును 1929 నాటి శాసనము నిషేధించెను. 1978లో కన్యకు 18 ఏండ్ల పరిమితి యేర్పడెను. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ననుసరించి, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో సుమారు 29 శాతము మంది 18 నిండక పూర్వమే వివాహితలైరి. కావున విషయము కాలము చెల్లినదనుట సత్యము కాదు.

అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈ నాటకము ఒక దురాచారమును దూషించుటతో తృప్తి నొందదు. ఆ దురాచారము చిన్న పట్టణముల యందును, వాని చుట్టు నున్న పల్లెల యందును ఏ యంత్రముచే నడచుచున్నదో విప్పి చూపును. పెద్దకూతురు బుచ్చమ్మను ధనమునకై వృద్ధున కిచ్చి, ఆమె వైధవ్యమును కన్నులార చూచిన అగ్నిహోత్రావధానులే రెండవ కూతురు సుబ్బిని 1800 రూపాయలకు లుబ్ధావధానుల కిచ్చుటకు నిశ్చయించును. సుబ్బి యభిప్రాయము నెవ్వరు నడుగరు. తల్లి రోదనమును లెక్కింపరు. దీనిని తప్పించుటకు కరటకశాస్త్రి తన శిష్యుడైన మహేశమునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు అమ్మును. వధువు స్త్రీయో పురుషుడో కూడ ఆ యింట గుర్తింపబడకుండుట కేవలము హాస్యమునకై కల్పించినది కాదు. బేరమే ముఖ్యమైన చోట మనుష్యు డెవ్వరికిని కనబడడు.

రెండవ యంత్రభాగము ఆంగ్లవిద్యా వ్యామోహము. గిరీశము విజయనగరమున అప్పులపాలై, శిష్యుడు వెంకటేశమునకు చదువు చెప్పు నెపమున అగ్రహారము చేరును. అచ్చట గురుశిష్యులు పలుకు అర్థరహితమగు ఇంగ్లీషును విని తల్లి మురిసిపోవును. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపితమైనది మొదలు తిరుపతి విద్యాకేంద్రముగా పెరిగినది. పల్లెలనుండి బిడ్డలను పంపి, వారి చదువు నిజమో వట్టిదో పరీక్షింపజాలని తలిదండ్రులకు ఆ రంగము దూరమైనది కాదు.

మూడవది న్యాయస్థానము. చిరకాలముగా కచేరీలకు నెలవైన చిత్తూరు వంటి పట్టణమున రామప్పపంతులను పోల్చుకొనుట కష్టము కాదు. లేని వధువును చంపినాడని లుబ్ధావధానులపై హత్యానేరము మోపబడును. ధర్మపరుడైన సౌజన్యారావు పంతులు ప్రయత్నించియు దారి గానడు. తుదకు సత్యమును తెలిపి రక్షించునది, అతడు దర్శింపనొల్లని వేశ్య మధురవాణి. సంస్కర్త సద్గుణమునకును గల హద్దును కవి యిట్లు చూపెను.

ఇక భాష. కళింగసీమ నుడికారము ఈ సీమ విద్యార్థికి క్రొత్తయగుట నిజమే. తమిళ సంపర్కముగల చిత్తూరి పలుకుబడి వేరు. కాని ఆ భేదమే బోధనకు సాధనము కాదగును. పాత్రల మాటలకు మీ యింట నేమందురని యుపాధ్యాయుడు ప్రశ్నించినచో, విద్యార్థి రెండు సీమల తెలుగును పోల్చి చూచును. తన యింటి మాటయు సాహిత్యమునకు తగినదేయని గ్రహించును. గిరీశము మాటకు అవధానుల మాటకు గల వ్యత్యాసమువలన, భాష మనుష్యుని స్థితిని ఎట్లు బయలుపెట్టునో తెలియును.

నాటకాంతమున గిరీశము పన్నాగము చెడును. బుచ్చమ్మను పూనాలోని విధవాశరణాలయమునకు పంపుటకు నిర్ణయమగును. పరీక్షల కొరకు గిరీశము హాస్యోక్తులను వల్లించి, ఈ ముగింపును విడిచినచో నాటకమును సగమే చదివినట్లగును. సుబ్బి నడిగిన వా రెవరు? బుచ్చమ్మ నడిగిన వా రెవరు? ఈ రెండు ప్రశ్నలను తరగతిలోని బాలికల యెదుట నుంచిన నాడు, వారిలో ఒకతె తన యింటి సంగతిని తలచుకొనవచ్చును. నాటకపఠనమునకు అంతకు మించిన ఫలము లేదు.