విషం ఎక్కిన నేలకు మొక్కల వైద్యం

ఆవాలు లేని వంటిల్లు తెలుగువాళ్ళకు ఉండదు. తిరగమోతలో నాలుగు గింజలు చిటపటలాడకపోతే చారుకు రుచి రాదు, ఆవపిండి లేనిదే ఆవకాయే లేదు. ఆ ఆవ మొక్కకు ఇంకొక విద్య కూడా తెలుసు. మట్టిలో చేరిన సీసాన్ని వేళ్ళతో లాగి కాండంలోకి, ఆకుల్లోకి ఎక్కించుకోగలదని అమెరికాలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1990లలో చూపించారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్‌లో, ఒకప్పుడు బ్యాటరీలు తయారైన స్థలంలో, ఆ దశాబ్దం చివర ఆవ పైరు వేసి చూశారు కూడా. పై మట్టిలో సీసం కొంత మేరకు తగ్గింది.

ఇలాంటి వార్త పాలారు ఒడ్డున ఉండే మనవాళ్ళకు ప్రాణం లేచొచ్చినట్లు ఉంటుంది. కర్ణాటకలో పుట్టి, కుప్పం ప్రాంతాన్ని తాకి, తమిళనాడులోకి దిగే ఆ నది వెంబడి వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేట వరుసగా ఉన్నాయి. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ ఎన్నో. తోళ్ళు పదునుచేసే కర్మాగారాలు కూడా అక్కడే ఎక్కువ. 1996 ఆగస్టు 28న సుప్రీం కోర్టు ఇచ్చిన ప్రసిద్ధ తీర్పులో, ఆ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందన్న సర్వే లెక్క ఉంది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో నిలదొక్కుకున్నది ఆ తీర్పుతోనే. సూత్రం నిలిచింది గానీ నేల మాత్రం తేరుకోలేదు.

అక్కడి ఒక బ్రాంచిలో నేను పనిచేస్తున్నప్పుడు, 2013లో, ఒక పెద్దాయన పొలం కాగితాలు పట్టుకుని అప్పు కోసం వచ్చారు. తాతల నాటి రెండెకరాలు. పత్రాలు నిక్షేపంగా ఉన్నాయి, ఈ.సి.లో ఒక్క మచ్చ లేదు. కానీ బావినీళ్ళు పచ్చగా వస్తున్నాయని, పదేళ్ళుగా పైరు పెట్టలేదని ఆయనే చెప్పారు. "ఏం సార్, పొద్దుతిరుగుడు ఒక్క కారు వేస్తే విషమంతా లాగేస్తుందంట గదా? జపానువాళ్ళు వేసినారంట. వేసినాక ఈ భూమి మీద అప్పు ఇస్తారా?" అని అడిగారు. నేను వాణిజ్యశాస్త్రం చదువుకున్నవాణ్ణి, వృక్షశాస్త్రం నాకేం తెలుసు? "కొంచెం వ్యవధి ఇవ్వండి పెద్దాయనా, తెలుసుకుని చెబుతాను" అన్నాను. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను.

పొద్దుతిరుగుడు కథ సగం నిజం. 1994లో చెర్నోబిల్ దగ్గర ఒక చెరువులో తెప్పల మీద ఈ మొక్కలు పెంచితే, వేళ్ళు నీటిలోని అణుధార్మిక పదార్థాలను బాగా పీల్చుకున్నాయి. కాని అది నీళ్ళలో కరిగి ఉన్న పదార్థం. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత జపానులో పొలాల్లో వేసి చూస్తే ఫలితం రాలేదు. మట్టి రేణువులు సీజియాన్ని గట్టిగా పట్టుకుని ఉండటంతో, మొక్కకు అందింది రెండు వేలలో ఒక వంతు మాత్రమేనని అక్కడి వ్యవసాయ శాఖ తేల్చింది. నేలలో ఎంత విషం ఉందన్నది ఒక లెక్క. అందులో వేరుకు అందేది ఎంత అన్నది ఇంకొక లెక్క.

సీసం సంగతీ ఇంతే. అది మట్టిని వదలదు. ట్రెంటన్‌లాంటి చోట్ల దాన్ని విడదీయడానికి ఒక రసాయనం కలిపారు. అది ఎక్కువైతే విడిపడిన సీసం మొక్కకు ఎక్కడానికి బదులు భూగర్భ జలంలోకి దిగిపోతుంది. పైగా కాలం ఎంత పడుతుందో బ్యాంకు పద్ధతిలో చూద్దాం. ఎకరం నేలలో జానెడు లోతు మట్టి సుమారు వెయ్యి టన్నులు తూగుతుంది. కిలో మట్టిలో 500 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం, దాన్ని 200కు దించాలి. అంటే మొత్తం 300 కిలోల సీసం బయటికి రావాలి. పైరు ఎండు బరువు ఎకరానికి 4 టన్నులు, అందులో వెయ్యో వంతు సీసం ఎక్కిందనుకోండి. ఇది చాలా ఉదారమైన అంచనా. అప్పుడు కూడా ఒక్కో పంటకు వచ్చేది 4 కిలోలు. 75 పంటలు కావాలి. ఏడాదికి రెండు కార్లు వేసినా 37 ఏళ్ళ పైమాట. గృహ రుణాన్నే మేము ముప్ఫై ఏళ్ళకు మించి ఇవ్వం!

అలాగని ఇదంతా వట్టి మాటలని కొట్టిపారేయకూడదు. కొన్ని మొక్కలు నిజంగా అసాధారణమైనవి. దక్షిణ పసిఫిక్‌లోని న్యూ కలెడోనియా ద్వీపంలో ఒక చెట్టు ఉంది, గాటు పెడితే నీలం కలిసిన ఆకుపచ్చ పాలు కారుతాయి. ఆ పాలను ఎండబెడితే బరువులో నాలుగో వంతు నికెల్ అని 1976లో ప్రకటించారు. మలేషియాలోని సబాలో మన ఉసిరి జాతికే చెందిన ఒక మొక్క నికెల్‌ను ఎంత పోగుచేస్తుందంటే, దాన్ని సాగుచేసి, కోసి, బూడిద నుంచి లోహం తీసే ప్రయత్నాలు జరిగాయి. 1983లోనే ఈ ఆలోచన బయటపెట్టిన అమెరికా వ్యవసాయ శాస్త్రజ్ఞుడు రూఫస్ చానీ పేరే ఆ మొక్కకు పెట్టారు. 2001లో ఫ్లోరిడాలో, ఒకప్పుడు కలపకు మందు పట్టించిన స్థలంలో, టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మొక్క ఆర్సెనిక్‌ను ఆకుల్లో రెండు శాతానికి పైగా నింపుకోవడం కనిపెట్టారు. ఆ ఫెర్న్ మన దేశంలోనూ పాత గోడల నెర్రెల్లో, బావుల ఒరల్లో తనంతట తానే మొలుస్తుంది. నేను చూసి కూడా పట్టించుకోని మొక్క అది.

ఇక రాణిపేటకు వస్తే అక్కడి శత్రువు క్రోమియం. ఇది రెండు రూపాల్లో ఉంటుంది. మూడు వేలన్సీల క్రోమియం మట్టిని అంటుకుని కదలకుండా ఉంటుంది. ఆరు వేలన్సీలది నీటిలో కరిగి పసుపు రంగుతో పారుతుంది, క్యాన్సర్ కలిగించేది అదే. తోళ్ళ పరిశ్రమకు కావలసిన క్రోమియం లవణాలు తయారుచేసిన తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే సంస్థ 1990లలో మూతపడింది. వెనకాల లక్ష టన్నులకు మించిన వ్యర్థాన్ని వదిలిపోయింది. అక్కడి భూగర్భ జలాన్ని హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు పరిశీలించారు. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన ప్రపంచపు పది కలుషిత స్థలాల్లో రాణిపేట ఒకటి. అంతటి గుట్టను ఏ మొక్కా తినలేదు. తవ్వి తరలించడమో, నీరు చేరకుండా కప్పి బంధించడమో యంత్రాలతో, డబ్బుతో చేయవలసిన పని.

క్రోమియంతో ఇంకో చిక్కు ఏమంటే, చాలా మొక్కల్లో అది వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది, ఆకుల్లోకి ఎక్కదు. కనుక కోసి తీసేయడం కుదరదు. అయితే దాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి మొక్కలు పనికొస్తాయి. ఎండాకాలం మనం తడికలు కట్టి నీళ్ళు చల్లే వట్టివేరు ఉంది చూశారూ, దాని వేళ్ళు మూడు మీటర్ల లోతుకు నిలువుగా దిగి మట్టి కొట్టుకుపోకుండా బిగిస్తాయి. అందరూ తిట్టే గుర్రపుడెక్క వేళ్ళు ఆరు వేలన్సీల క్రోమియాన్ని మూడుకు మారుస్తాయని 1998లో రుజువైంది. అప్పు తీరలేదు గానీ వడ్డీ పెరగడం ఆగింది అన్నట్లు ఉంటుంది. కొన్ని కేసుల్లో అది కూడా మేలే.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను. కావలసిన అప్పు ఆయన కొడుకు ఇంటి మీద తీసుకున్నారు. పొలంలో సరుగుడు వేశారు, తినే పంట కాదు గనుక.

విషం లాగిన పైరును ఏంచేయాలన్నది ఎవరూ ముందుగా ఆలోచించరు. గొడ్లకు వేయకూడదు. ఎరువు కుప్పలో కలిపితే విషం తిరిగి నేలకే చేరుతుంది. పొయ్యిలో పెడితే బూడిదలో, పొగలో ఉంటుంది. లోహానికి చావు లేదు, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారుతుందంతే. ప్రమాదకర వ్యర్థాలను భద్రపరిచే చోటికే పంపాలి. శుద్ధి కోసం వేసిన ఆవ మొక్కను చూసి, ఆకు లేతగా ఉంది గదా అని కూర చేసుకునే ఇల్లాలు ఉండదని ఎవరు చెప్పగలరు?

పరిశ్రమల పక్కన స్థలం కొనేవాళ్ళు, పెరట్లో తోటకూర, పాలకూర పెంచుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. 2015 నుంచి ప్రభుత్వం ఇస్తున్న నేల ఆరోగ్య కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఇనుము వగైరా ఉంటాయి గానీ సీసం, క్రోమియం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉండవు. వాటికోసం గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పేరుపేరునా అడిగి పరీక్ష చేయించాలి. క్రోమియమైతే మొత్తం ఎంత, అందులో ఆరు వేలన్సీలది ఎంత అని విడిగా అడగాలి. బావినీటికి కూడా పరీక్ష కావాలి. మట్టిని ఒక్కచోట కాక ఎనిమిది పది చోట్ల జానెడు లోతు వరకు తీసి కలపండి. ఇనుప పారతో, స్టీలు గిన్నెతో తీయవద్దు, స్టీలులోనే క్రోమియం ఉంటుంది. చెక్క గరిటె, ప్లాస్టిక్ బకెట్ చాలు.