విండోస్ 10 ల్యాప్‌టాప్: 11కి మారాలా? ఉన్నదే ఉంచుకోవాలా?

మా బాబాయి ఏలూరులో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పనులు చూస్తుంటారు. ఓ నెల 19వ తేదీ రాత్రి ల్యాప్‌టాప్‌లో 'విండోస్ 11 రెడీ' అని కనిపించగానే సరే నొక్కేసి పడుకున్నారు. పొద్దున లేచేసరికి కొత్త విండోస్ అయితే వచ్చింది. కానీ డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌ను సిస్టమ్ గుర్తుపట్టడం లేదు. ఆ రోజు 20. నెలవారీ జీఎస్‌టీఆర్-3బీ వేయడానికి ఆఖరి రోజు. సొంత పేరు మీద వ్యాపారం చేసుకునే క్లయింట్ల రిటర్నులు ఫోన్‌కు వచ్చే ఓటీపీతో గట్టెక్కాయి. కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు ఆ వెసులుబాటు లేదు, డిజిటల్ సంతకమే కావాలి. పాత టోకెన్ డ్రైవర్ తీసేసి కొత్తది వేసేసరికి సాయంత్రం నాలుగైంది. గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్నుపై 18 శాతం వడ్డీ.

ఆయన మారడం తప్పు కాదు. మారిన రోజు తప్పు. విండోస్ 10 వాడుతున్న చాలామంది ఇప్పుడు ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయారు కాబట్టి వివరంగా చూద్దాం.

'ఇంకా పనిచేస్తోంది కదా!'

విండోస్ 10 విడుదలైంది 2015 జులై 29న. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది. ఆ మర్నాడు ఎవరి ల్యాప్‌టాప్ కూడా ఆగిపోలేదు. అందుకే చాలామంది ఏమీ జరగలేదనుకున్నారు. జరిగిందేమిటంటే, నెలనెలా ఉచితంగా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి. ఇకపై విండోస్‌లో కొత్త లోపం ఏదైనా బయటపడితే 11కి మందు వస్తుంది, 10కి రాదు. పైగా 11కి వచ్చిన ప్యాచ్‌ను విప్పి చూసి, అదే లోపం 10లో ఎక్కడుందో హ్యాకర్లు పట్టుకోగలరు.

ఇది ఉత్త భయపెట్టే మాట కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, అంటే మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. దాన్ని వేసుకోని మెషీన్లు, సపోర్ట్ అయిపోయి ప్యాచే రాని మెషీన్లు దెబ్బతిన్నాయి.

మరో ఇబ్బంది మెల్లగా వస్తుంది. విండోస్ 7కి 2020 జనవరిలో సపోర్ట్ ముగిస్తే, 2023 ఫిబ్రవరి నుంచి కొత్త క్రోమ్ దానిపై రావడం ఆగిపోయింది. బ్రౌజర్ పాతబడితే బ్యాంకు, ప్రభుత్వ సైట్లు ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. విండోస్ 10కి ఆ రోజు ఇంకా రాలేదు.

మీ ల్యాప్‌టాప్‌కు అర్హత ఉందా?

విండోస్ 10 ఒరిజినల్ అయితే 11 ఉచితమే. అడ్డంకి డబ్బు కాదు, హార్డ్‌వేర్. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ దాదాపు అందరికీ ఉంటాయి. చిక్కంతా ప్రాసెసర్, టీపీఎం 2.0 దగ్గరే. ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి పైవే జాబితాలో ఉన్నాయి. అంటే 2017కు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు దాదాపుగా బయటే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' యాప్ వేసుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అది 'టీపీఎం లేదు' అన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. చాలా మెషీన్లలో ఆ చిప్ ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది. అయితే బయోస్‌లో వేలు పెట్టే ముందు ఒక పని తప్పకుండా చేయండి. డిస్క్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే, సెట్టింగ్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే పెళ్లి ఫొటోలు, పదేళ్ల ఫైళ్లు అన్నీ లోపలే ఉండిపోతాయి. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైజెస్ కింద ఆ కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో తీసినా సరే, ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేస్తే మాత్రం ప్రయోజనం లేదు.

అర్హత ఉంటే మారిపోండి, కానీ...

అర్హత ఉన్న ల్యాప్‌టాప్‌ను 10లోనే ఉంచడానికి నాకైతే పెద్ద కారణం కనిపించదు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వెళ్లిందన్నది కారణం కాదు, దాన్ని సెట్టింగ్స్‌లో మళ్లీ ఎడమ పక్కకు తెచ్చుకోవచ్చు. అసలు సమస్య ల్యాప్‌టాప్‌కు తగిలించి వాడే పరికరాలతో వస్తుంది.

డిజిటల్ సిగ్నేచర్ (టీచర్ పోస్టుల డీఎస్సీ కాదు, టెండర్లకు, కంపెనీల ఫైలింగ్‌లకు వాడే డీఎస్‌సీ) టోకెన్ ఉంటే, అమ్మిన సంస్థ సైట్ నుంచి విండోస్ 11 డ్రైవర్ ముందే దింపుకోండి. జీఎస్టీ పోర్టల్‌లో సంతకానికి వాడే ఎమ్‌సైనర్‌ను కూడా అప్‌గ్రేడ్ తర్వాత ఒకసారి నడిపి చూడాలి. ఆధార్ వేలిముద్ర పరికరం వాడే సర్వీస్ సెంటర్ల వారు ఆర్‌డీ సర్వీస్ సంగతీ అలాగే చూసుకోవాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే తెరుచుకునే పాత ఆఫీసు సైటు ఏదైనా ఉంటే, 11లో ఆ బ్రౌజర్ ఉండదు. ఎడ్జ్‌లోని 'ఐఈ మోడ్' ఆ పని చేస్తుంది.

డీటీపీ చేసేవారికి ఒక మాట. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కొట్టే మెషీన్లు చాలాచోట్ల ఇంకా 32 బిట్ విండోస్ మీదే నడుస్తున్నాయి. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. అలాంటి మెషీన్‌లో నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, మొత్తం చెరిపి కొత్తగా వేయాల్సిందే. మరీ పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లైతే అసలు నడవవు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ దగ్గర 'సిస్టమ్ టైప్' చూస్తే మీది ఏదో తెలుస్తుంది. ఆ ఒక్క మెషీన్‌ను ఇంటర్నెట్ తీసేసి పాత విండోస్‌తోనే ఉంచుకుని, మెయిల్, బ్యాంకు పనులకు వేరేది వాడటం మేలు. పెన్‌డ్రైవ్‌లు తిరిగే షాపు కాబట్టి ప్రతిదాన్నీ స్కాన్ చేశాకే తెరవాలి.

అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి వెనక్కి వెళ్లవచ్చు. ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్ జోలికి వెళ్లకండి, పాత విండోస్ ఫైళ్లు పోతే వెనక్కి దారి ఉండదు. ఇక తేదీ. జీఎస్టీ పనులుంటే 11, 20 తేదీల దరిదాపుల్లో వద్దు. నెలాఖరు శనివారం రాత్రి, బ్యాకప్ తీసుకున్నాక, చార్జర్ పెట్టి మొదలెట్టండి.

అర్హత లేకపోతే?

ల్యాప్‌టాప్ పారేయాల్సిన పని లేదు. ఇంట్లో వాడే విండోస్ 10 మెషీన్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చే ఏర్పాటు చేసింది. పేరు ఈఎస్‌యూ. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే 'ఎన్‌రోల్' అని కనిపిస్తుంది. మూడు దారులున్నాయి. పీసీ సెట్టింగ్‌లను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు సింక్ చేస్తే ఉచితం, లేదా 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లకు సమానమైన రుసుము. డబ్బు కట్టినా అకౌంట్ మాత్రం ఉండాల్సిందే. విండోస్ 22హెచ్2 వెర్షన్ కావాలి, సెర్చ్‌లో 'విన్‌వర్' అని ఇంగ్లిష్‌లో కొడితే మీది ఏ వెర్షనో తెలుస్తుంది. ఒకే అకౌంట్‌తో పది మెషీన్ల వరకు చేర్చవచ్చు. ఆలస్యంగా చేరినా అంతవరకూ వచ్చిన ప్యాచ్‌లన్నీ అందుతాయి. ఆఫీసు డొమైన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లకు ఇది వర్తించదు. సంస్థలకు వేరే ధర ఉంది, మొదటి ఏడాది మెషీన్‌కు 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు.

ఉచితంగా వస్తున్నదాన్ని ఎందుకు తీసుకోరో నాకు అర్థం కాదు. ఇది చదువుతూనే ఎన్‌రోల్ చేసేయవచ్చు.

అర్హత లేని మెషీన్‌లో కూడా 11 ఎక్కించే అడ్డదారులు కొన్ని యూట్యూబ్‌లో తిరుగుతున్నాయి. ఎక్కుతుంది కూడా. కానీ వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ప్యాచ్‌ల కోసం మారుతూ, ప్యాచ్ వస్తుందో రాదో తెలియని చోటికి వెళ్లడం దేనికి? పిల్లల చదువు, యూట్యూబ్, మెయిల్ వరకే అయితే ఉబుంటు, లైనక్స్ మింట్ లాంటివి పాత ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తాయి. డీఎస్‌సీ, వేలిముద్ర పరికరాల పని ఉంటే మాత్రం డ్రైవర్లు దొరుకుతాయో లేదో చూశాకే అటు వెళ్లాలి.

నెమ్మదిగా ఉందని మారాలనుకునేవారు మాత్రం ఒకసారి ఆగండి. హార్డ్ డిస్క్ ఉన్న 4 జీబీ ల్యాప్‌టాప్‌లో 11 వేస్తే ఇంకా నెమ్మదిస్తుంది. ముందు ఎస్‌ఎస్‌డీ వేయించి, కుదిరితే ర్యామ్ 8 జీబీ చేయించండి.

మీ విండోస్ గడువు తీరిపోయిందంటూ ఎవరైనా ఫోన్ చేసి స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే కట్ చేయండి. మైక్రోసాఫ్ట్ అలా తనంతట తాను ఫోన్ చేయదు. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేసి ఫిర్యాదు చేయాలి.