చేతికందని చదువు

వేసవి సెలవులు దగ్గరపడిన తోడనే పెద్ద పట్టణములలో గోడలమీదను, పత్రికలలోను ఒక తరహా ప్రకటనలు కానవచ్చుచున్నవి. బంకమట్టితో బొమ్మలు చేయుట, రంగులద్దుట, చిన్న యంత్రములను కూర్చుట, నక్షత్రములను గుర్తించుట మున్నగువానిని పది పదునైదు దినములలో పిల్లలకు నేర్పెదమని వాని సారాంశము. రుసుము వేలలో నుండును. బిడ్డలను పంపు తల్లిదండ్రులను మేము నిందింపము. పదినెలలు పుస్తకము ముందు కూర్చుండి విసిగిన పిల్లవానికి చేతులతో ఏదేని చేయు అవకాశము పదిదినములకైనను కలిగిన మేలే. కాని ఈ ప్రకటనలను జూచినప్పుడెల్ల మాకొక సందేహము పుట్టుచున్నది. చేసి నేర్చుకొనుట నిజముగా చదువులో భాగమైనచో, అది సెలవులలో, సొమ్ము చెల్లింపగలవారికి మాత్రమే ఏల దొరకవలెను? చదువులో భాగము కాదందురా, అట్లయిన దానికంత సొమ్మేల?

చేసి నేర్చుకొనుట యన నేమో ఒక చిన్న ఉదాహరణముతో చూతము. మూడు అగ్గిపుల్లలను దీసికొని, సైకిలు చక్రపు వాల్వుకు తొడుగు సన్నని రబ్బరు గొట్టపు ముక్కలతో కొనలను కలిపినచో త్రికోణమగును. దాని నెటు నొక్కినను ఆకారము చెడదు. నాలుగు పుల్లలతో చతురస్రమును చేసి ఒక మూలను వ్రేలితో నొక్కినచో అది ప్రక్కకు ఒరిగిపోవును. మూలనుండి మూలకు ఒక చీపురుపుల్లను అడ్డముగా అమర్చినచో మరల బిగిసి నిలుచును. ఈ పని చేసిన పిల్లవాడు రాజమహేంద్రవరమున 1974లో తెరచిన రైలు-రోడ్డు వంతెన మీదుగా పోవునపుడు, ఆ ఇనుపచట్రమంతయు త్రికోణములుగా ఏల అల్లబడినదో ఎవరును చెప్పకయే గ్రహించును. ఖర్చు కొలది రూపాయలు. త్రికోణము దృఢమైనదని వ్రాయించుకొని వల్లించిన పిల్లవానికిని, వీనికిని పరీక్షలో ఒక్కటే మార్కు వచ్చును. భేదము వంతెనమీద గాని తెలియదు.

ఈ అగ్గిపుల్లల విద్యను దేశమునకు పరిచయము చేసినవారు శ్రీ అరవింద గుప్తా గారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివి, లారీలు తయారుచేయు కర్మాగారములో ఉద్యోగము చేయుచు, 1978లో సెలవుపెట్టి మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లాకు పోయి, అచ్చటి పాఠశాలలలో జరుగుచుండిన పనిని జూచి, ఈ మార్గమున పడిరి. 2018లో వారికి పద్మశ్రీ లభించినది. వారి బొమ్మలను మెచ్చుకొనువారు పెక్కండ్రు గలరు. వారి నాకర్షించిన ఆ హోషంగాబాదు పని ఎట్టిదని విచారించువారు మాత్రము కొలదిమంది.

1972లో కిశోర భారతి యనునదియు, రసూలియా గ్రామములోని మరియొకటియు, రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వానుమతితో ఆ జిల్లాలోని పదునారు పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధనను మార్చ మొదలిడినవి. అవి సామాన్యమైన పల్లెటూరి బడులు. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థనుండియు శాస్త్రజ్ఞులు వచ్చి తోడ్పడిరి. 1978 నాటికి జిల్లాలోని ఆ తరగతులన్నిటికిని అది వ్యాపించెను. 1982లో స్థాపితమైన ఏకలవ్య సంస్థ తరువాత ఆ భారమును వహించినది.

అచ్చటి పాఠ్యపుస్తకము పేరు 'బాల వైజ్ఞానిక్'. అందు ప్రయోగములును, ప్రశ్నలును గలవు, సమాధానములు లేవు. పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చుండి, పెట్టెలోని చవుకసామగ్రితో పని చేసి, తమకు కనబడినదానిని తాము వ్రాసికొనవలెను. ఒకే బల్లను నలుగురు కొలిచినచో నాలుగు కొలతలు వచ్చును. మామూలు బడిలో ముగ్గురు తప్పు, ఒకడు ఒప్పు. అచ్చట మాత్రము ఆ నాలుగును నల్లబల్లకెక్కును. ఏల వేరువేరుగా వచ్చినవి, కొలబద్దను పట్టినవాని కన్ను ఎచ్చట నుండెను, వీని సగటు ఏమి యని చర్చ సాగును. కొలతలో తప్పు సహజమనియు, దానిని తగ్గించుటకు మార్గము గలదనియు పదునొకండేండ్ల పిల్లవాడు తెలిసికొనును. ఆకులను ఏరితెచ్చి ఈనెలనుబట్టి విభజించుటకు పొలము చాలును. ఇంకను తీరని సందేహములను 'సవాలీరాం' అను కల్పిత పురుషునికి ఉత్తరముగా వ్రాసినచో జవాబు వచ్చుచుండెను. ప్రశ్న వేయుట గౌరవమని బోధించుటకు దీనికంటె సులభోపాయము మాకు తోచుటలేదు.

ఇంతవరకు వినుటకు సొంపుగానే యున్నది. అసలు కష్టమైన రెండు పనులను గూడ వారు చేసిరి. ఉపాధ్యాయులను వేసవిలో పిలిచి ఆ ప్రయోగములను వారి చేతనే చేయించిరి. అటుపిమ్మట నెలనెల సమావేశపరచి వారి చిక్కులను వినిరి. పరీక్షనే మార్చిరి. పిల్లలు పుస్తకము తెరచుకొని వ్రాయవచ్చును. వ్రాతతోబాటు చేసి చూపవలసిన పరీక్షయు నుండెను. వల్లించిన దానికి అచ్చట వెల లేదు. ఈ రెండును లేకయే మన పాఠశాలలకు సామగ్రిపెట్టెలు పంపుచున్న వారు ఈ విషయమును గమనింపవలెను.

2002లో మధ్యప్రదేశ ప్రభుత్వము దానిని నిలిపివేసినది. అప్పటికది పదునైదు జిల్లాలలో సుమారు వేయి పాఠశాలలకు విస్తరించి యుండెను. పదవ తరగతి పరీక్షలలో ఆ జిల్లా ఫలితములు బాగులేవను ఆక్షేపణ దానిపై వచ్చినది. ఎనిమిదవ తరగతి వరకు చూచి ఆలోచింపుమని నేర్పి, పదవ తరగతిలో వల్లించినదానిని వ్రాయుమన్నచో చిక్కు ఏ తరగతిలో నున్నది? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు బోధననే ఆపివేసిరి. ముప్పది సంవత్సరముల పని అట్లు ముగిసెను.

కళావిషయమున మన తెలుగుదేశపు అనుభవమే చాలును. రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలు పదేండ్లు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. దామెర్ల రామారావు గారి చేతిని గుర్తించి ప్రోత్సహించి, బొంబాయి చిత్రకళాశాలకు పంపుటకు కారకుడైనవాడు ఆయనయే. అడవి బాపిరాజు గారును ఆయన శిష్యులే. బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల మరియొక మార్గమున పోయినది: చేతిపనికిని, చిత్రలేఖనమునకును చదువుతోబాటు స్థానమిచ్చినది, ప్రమోదకుమార ఛటర్జీ గారు అచ్చట చిత్రకళను నేర్పిరి. కూల్డ్రే కథ చదువ మనోహరముగా నుండును. కాని అది ఒక దొర ఒక ఊరికి బదిలీయై వచ్చుటచే కలిగిన భాగ్యము. ఆయన అడుగుపెట్టని ఊళ్లలో ఎన్ని చేతులు పలకమీదనే ఆగిపోయినవో లెక్క యెవరికిని తెలియదు.

చేతిపని యనగానే మన దేశమున ఒక భయము గూడ గలదు; అది నిరాధారమైనది కాదు. 1953లో మదరాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గారు గ్రామ ప్రాథమిక పాఠశాలలలో బడివేళను తగ్గించి, మిగిలిన కాలము పిల్లలు తండ్రుల వృత్తిని నేర్వవలెనను పథకమును ప్రవేశపెట్టిరి. కుమ్మరి బిడ్డకు సారె, చాకలి బిడ్డకు బాన. కులవిద్యయని ప్రజలు దానిని ఎదిర్చిరి. 1954లో కామరాజు గారు అధికారమునకు రాగానే అది రద్దయినది. రద్దగుటయే న్యాయము. ఒకే మట్టిముద్ద పుట్టుకనుబట్టి చేతికిచ్చిన సంకెల. తరగతిలోని పిల్లలందరి చేతికిచ్చిన విద్య. నేడు వేసవి శిబిరములో డబ్బిచ్చి సారె త్రిప్పుచున్న పిల్లవానికి అది ముచ్చట. ఆ సారెవాని మనుమడు చదువుచున్న బడిలో మట్టి ముట్టినవారు లేరు. ఈ విపరీతము మమ్ము బాధించుచున్నది.

ఆశకు చోటు లేకపోలేదు. ఆంధ్ర, కర్ణాటక, తమిళ దేశములు మూడును కలియు కుప్పము ప్రాంతమున, 1999లో ఏర్పడిన అగస్త్య సంస్థ విశాలమైన ఆవరణలో ప్రయోగశాలలు నడుపుచు, సామగ్రిని వాహనములపై పల్లెబడులకు పంపుచున్నది. పెద్దపిల్లలే చిన్నపిల్లలకు వివరించునట్లు తరిఫీదు ఇచ్చుచున్నది. ఆ సరిహద్దులలో ఇంట తెలుగు మాటలాడి బడిలో కన్నడమో తమిళమో చదువు పిల్లలు వేలకొలది గలరు. అయస్కాంతమును చేతబట్టి మేకులను లాగించిన పిల్లవానికి దాని పేరు ఏ భాషలో చెప్పినను తెలియును. వస్తువును చూడనివానికి తన భాషలోని పేరును శబ్దమాత్రమే.

కేంద్రప్రభుత్వము 2016 మొదలు అటల్ పేర పాఠశాలలలో ప్రయోగశాలలను నెలకొల్పుటకు ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయల వరకు మంజూరుచేయుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలు సంచి లేక పదిదినములు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుల వద్ద పని నేర్వవలెనని చెప్పినది. మంచి మాటయే. ఏడాదికి పదిదినములైనచో అదియు వేసవి శిబిరమువంటిదే యగునేమో యని మా శంక. వారమునకు రెండు గంటలు కాలపట్టికలో వ్రాసి, ఆ గంటల పనికి వార్షికపరీక్షలో పాలు కేటాయించినచో, సంచి యుండినను మాకు అభ్యంతరము లేదు.

మరియొక చిన్న సంగతి. మేము చూచిన ఒక పాఠశాలలో కొత్త పరికరములు అద్దాల బీరువాలో తళతళలాడుచున్నవి. తాళము వేసియున్నది. అడుగగా, గాజుగొట్టము పగిలినచో తనిఖీనాడు దాని వెల తన జీతమునుండి కట్టవలసి వచ్చునని అధ్యాపకుడు చెప్పెను. ఆయన మాటలో అబద్ధము లేదు. ఆయనను తప్పుపట్టుటయు న్యాయము కాదు. పిల్లలు పనిచేసిన చోట వస్తువులు పగులును. ఏటేట ఇంత సామగ్రి విరుగుట సహజమని యొప్పుకొని, దానికి ప్రత్యేకముగా కొంత సొమ్ము కేటాయించి, పగిలినదానికి అధ్యాపకుని బాధ్యుని చేయరాదని విద్యాశాఖవారు ఒక ఉత్తరువు చేయవచ్చును. దానికి కొత్త చట్టమక్కరలేదు. వచ్చు జూన్ నెలలో బడులు తెరచులోగా ఆ ఉత్తరువు వెలువడవలెనని కోరుచున్నాము.